‘ఇనుప ఆక్సైడు’ అంటే ఏ ఆక్సైడు?

సైన్సు పాఠాలు తెలుగులో రాసేవాళ్లకు ఓ మనవి. ‘ఇనుప ఆక్సైడు’ అని రాసి వదిలేయకండి. అది సగం పేరే.

కాల్షియం ఆక్సైడుతో పేచీ లేదు. కాల్షియం సంయోజకత (ఇతర పరమాణువులతో కలిసే శక్తిని చెప్పే అంకె) 2, ఆక్సిజన్‌దీ 2, చెరొకటి చాలు: సీఏఓ (సీఏ అంటే కాల్షియం, ఓ అంటే ఆక్సిజన్). మన పొడిసున్నం అదే. ఇనుముకు అలా కుదరదు, దాని సంయోజకత ఒకచోట 2, ఇంకోచోట 3. రెండైతే ఎఫ్ఈఓ (ఎఫ్ఈ అంటే ఇనుము). మూడైతే ఇనుము 3ని ఆక్సిజన్ కిందికీ, ఆక్సిజన్ 2ని ఇనుము కిందికీ మార్చుకోవాలి: ఎఫ్ఈ₂ఓ₃. పేరులో ఆ అంకె లేకపోతే పిల్లవాడు ఫార్ములా ఎలా రాస్తాడు?

తమాషా ఏమిటంటే, మన పాత మాటలకు ఈ తేడా తెలుసు. గోడకు పూసే జేగురుకు ఆ ఎరుపునిచ్చేది ఎఫ్ఈ₂ఓ₃. సూదంటురాయి ఎఫ్ఈ₃ఓ₄. ఒకటి ఎర్రన, ఒకటి నల్లన. రెండూ ఒకటేనని ఎవరూ అనుకోలేదు. ‘ఇనుప ఆక్సైడు’ వచ్చి రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

ఇనుముకు ఫెర్రస్, ఫెర్రిక్ అనే పాత పేర్లున్నాయి, అవి సరిపోతాయిగా అంటారేమో. ‘అస్’ తక్కువ సంయోజకతకు, ‘ఇక్’ ఎక్కువకు, అంతవరకే. ఎంతన్నది చెప్పవు. ఫెర్రిక్‌లో 3, క్యుప్రిక్‌లో (రాగి) 2, స్టానిక్‌లో (తగరం) 4. బట్టీ పట్టాల్సిందే. అందుకే 1919లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్, లోహం పేరు పక్కనే దాని సంయోజకతను రోమన్ అంకెలో వేద్దామన్నాడు.

వ్యాఖ్య: మరి ‘ఇనుము మూడు ఆక్సైడు’ అని తెలుగు చేసేస్తే పోలేదా అండీ?

జవాబు: అక్కడే చిక్కండీ. తెలుగులో అంకె తన తర్వాతి నామానికి అతుక్కుంటుంది. ‘మూడు ఆక్సైడు’ అనగానే ఆక్సిజన్లు మూడని వినబడుతుంది, ఎఫ్ఈఓ₃ అని రాసేస్తారు. ఆ మూడు ఇనుముది. కాబట్టి ‘ఐరన్-3 ఆక్సైడు’ అని అంకెను లోహానికే అంటించి రాయడం మేలు. చదివేటప్పుడు కూడా మూడు తర్వాత కాస్త ఆగాలి.

వ్యాఖ్య: సూదంటురాయి ఫార్ములా ఈ మార్పిడి లెక్కకు రావడం లేదేం, మాస్టారూ? 3, 4 ఎలా వచ్చాయి?

జవాబు: రాదు మరి, అందులో ఇనుము రెండు రకాలుగా ఉంది. ఒక పరమాణువుకు సంయోజకత 2, మిగతా రెండింటికి మూడేసి, మొత్తం 8. నాలుగు ఆక్సిజన్లకూ కలిపి 8. చెల్లుకు చెల్లు. సిందూరమూ ఇంతే, అసలైన సీసపు సిందూరం సంగతి చెబుతున్నాను: పీబీ₃ఓ₄. అందులో సీసం పరమాణువులు రెండింటికి సంయోజకత 2, ఒకదానికి 4. (అది విషం. బజారులో ఆ పేరుతో ఏ పొడి అమ్ముతున్నారో చూసి కొనండి.) ఇంగిలీకాన్నీ సిందూరాన్నీ ఒకటే అనేవాళ్లున్నారు. ఇంగిలీకం పాదరసానికి గంధకం కలిసినది, ఆక్సైడే కాదు.

వ్యాఖ్య: ఒకే ఆక్సైడుకు మనవాళ్లు రెండు మూడు పేర్లు పెట్టిన సందర్భాలూ ఉంటాయి కదండీ?

జవాబు: ఎందుకు లేవు! కెంపు, నీలం, కురువిందం మూడూ అల్యూమినియం ఆక్సైడే, ఏఎల్₂ఓ₃. అల్యూమినియం సంయోజకత 3 ఒక్కటే గనక అంకె అక్కర్లేదు. రవ్వంత క్రోమియం చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. కురువిందం రాపిడికి పనికొచ్చే రాయి, గట్టిదనంలో వజ్రం తర్వాత చెప్పుకోదగ్గది. ఇంగ్లీషువాళ్ల ‘కోరండమ్’ ఈ మాటకూ తమిళ ‘కురుందం’కూ చుట్టమే.