వింత ఫ్లేవర్లు రుచి చూసేటప్పుడు ఏ వరసలో వెళ్లాలి?

ప్రశ్న:
చిన్న బ్యాచ్‌లుగా చేసే ఐస్‌క్రీమ్ షాపుల్లో బ్లూ చీజ్, ఆలివ్ నూనె, నల్ల నువ్వులు, బేసిల్, మిరప చాక్లెట్ లాంటివి పెడుతున్నారు. శాంపిల్ చెంచాలు వరసగా తింటే మూడోదానికల్లా అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఏది ముందు తినాలి? నచ్చనప్పుడు ఆ ఫ్లేవరే అంతా, లేక సరిగ్గా చేయలేదా అన్నది ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
నాలుక మొద్దుబారేది చలి వల్ల, కొవ్వు వల్ల. తీపిని పట్టే కణాల్లో టీఆర్‌పీఎం5 అనే చానెల్ (రుచి సంకేతం పంపడానికి తెరుచుకునే ప్రోటీన్ ద్వారం) ఉంటుంది, చల్లబడేకొద్దీ అది మందగిస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ మొహం మొత్తేంత తియ్యగా ఉండేది ఇందుకే. పాల కొవ్వేమో నాలుక మీద పూతలా నిలిచిపోతుంది.

అందుకని పాలు లేని సార్బెట్లు ముందు. తర్వాత పూలూ ఆకులూ, ఆపైన నువ్వులు, పిస్తా. చీజ్, పొగ వాసనవి వాటి తర్వాతే. కారం, పుదీనా అన్నిటికంటే చివర. మిరప ఘాటు కొవ్వులో కరిగి ఉంటుంది కాబట్టి మొదట ఏమీ తెలియదు, మింగాక గొంతు పట్టుకుంటుంది. పుదీనాలోని మెంథాల్ చలిని గుర్తించే నరాలనే కదిలిస్తుంది, దాని తర్వాత ఏది తిన్నా వృథా.

మధ్యలో ఐసు నీళ్లు తాగకండి, కొవ్వు ఇంకా గట్టిపడుతుంది. మామూలు నీళ్లు చాలు, గోరువెచ్చనివైతే మరీ మంచిది. చెంచాడు నోట్లో వేసుకుని కొరక్కుండా అంగిలికి అదిమిపెట్టి కరగనివ్వండి, ఆ తర్వాత ముక్కుతో గాలి వదలండి. అసలు వాసన అప్పుడు తెలుస్తుంది. షాపులో సాధారణంగా -12 నుంచి -14 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కప్పు చేతికొచ్చాక అంచు మెరిసేదాకా ఆగి తినండి.

జవాబు 2:
తయారీలో లోపం రుచి కంటే ముందు నోటికి తగులుతుంది. పలుకులు తగిలి వెంటనే కరిగిపోతే అది మంచు: డబ్బా కాస్త వేడెక్కి మళ్లీ గడ్డకట్టింది. కరగకుండా సన్నటి ఇసుకలా మిగిలితే లాక్టోజ్ (పాలలోని చక్కెర), పాలపొడి ఎక్కువైనప్పుడు అలా అవుతుంది.

పైనాపిల్, కివి ఐస్‌క్రీమ్ చేదెక్కిందంటే పండు ఉడికించకుండానే కలిపి ఉంటారు. ఆ పండ్ల ఎంజైములు పాల ప్రోటీన్లను విరగ్గొడతాయి, ముందే ఉడికిస్తే ఆ బాధ ఉండదు. బేసిల్‌లో ఎండుగడ్డి వాసన వస్తే ఆకు వేడి పాలలో ఎక్కువసేపు ఉండిపోయింది. నువ్వుల్లో పాత నూనె కంపు వస్తే సరుకే పాతది. ఇవేవీ ‘ప్రత్యేక రుచి’ కాదు, మొహమాటపడక్కర్లేదు.

మద్యం కలిపినది మెత్తగా జారుతుంటే మాత్రం తప్పు పట్టకండి. ఆల్కహాల్ గడ్డకట్టే ఉష్ణోగ్రతను దించేస్తుంది. ఉప్పు ఎక్కువ పడే మీసో (పులియబెట్టిన జపాన్ సోయా ముద్ద) రకాలూ అంతే. రంగు సంగతికొస్తే, ఆకుతో చేసిన పుదీనా ఐస్‌క్రీమ్ దాదాపు తెల్లగా ఉంటుంది, పిస్తా మట్టి పచ్చగా ఉంటుంది. మెరిసే ఆకుపచ్చ అంటే రంగు కలిపారన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. బ్లూ చీజ్ ఒక్కటే స్కూపుడు తినగలిగేలా లేదు. దానికి జోడీగా ఏం తీసుకోవచ్చు?

జవాబు 3:
పియర్ గానీ అంజీర్ గానీ. ఉప్పదనం పక్కన పండు తీపి పడితే చీజ్ ఘాటు తగ్గుతుంది. చీజ్ అర స్కూపు చాలు, అదీ కోన్‌లో కాదు, కప్పులో పక్కపక్కన వేయించుకోండి. కోన్‌లో పైది కరిగి కిందిదాన్ని పాడుచేస్తుంది. ఆలివ్ నూనెకు నారింజ లేదా డార్క్ చాక్లెట్, బేసిల్‌కు స్ట్రాబెర్రీ కుదురుతాయి. ఘాటైనవి రెండూ కలిపి మాత్రం తీసుకోవద్దు.

కాటుక నలుపు రంగువి కనిపిస్తే దేనితో చేశారో అడగండి. నువ్వులదైతే బూడిద రంగులో సన్నటి చుక్కలతో ఉంటుంది. యాక్టివేటెడ్ చార్‌కోల్ (శుద్ధి చేసిన బొగ్గు పొడి) అయితే వేసుకున్న మందును అది పీల్చేసుకోవచ్చు, కాబట్టి రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు మానేయడం మేలు. నువ్వులు, గింజలు పడనివాళ్లు స్కూప్ కడిగించుకుంటే సరిపోదు, ఇంకా తెరవని డబ్బా నుంచి తీయమని అడగాలి. వాడుతున్న డబ్బాలో పక్క ఫ్లేవర్ ముక్కలు అప్పటికే పడి ఉండొచ్చు.