సమస్య: “వెన్ను చూపినవాడెపో విజయశాలి”

ఈ వారం సమస్య తేటగీతి పాదం. వస్తువు కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ తుపాకుల ఆటలో స్నైపర్, అంటే ఏడబ్ల్యూపీ అనే దూరపు గురి తుపాకి పట్టినవాడు. ఆటలో టెర్రరిస్టు జట్టు ‘సైటు’ అనే చోట బాంబు పెట్టాలి, కౌంటర్ టెర్రరిస్టు జట్టు ఆ సైటును కాపాడాలి; రౌండు రౌండుకూ వచ్చే డబ్బుతో ఆయుధాలు కొనుక్కోవాలి. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నవే పద్యంలో రావాలి. ఇంగ్లీషు ఆటమాటలు వాడుకోవచ్చు. గణాలకూ యతికీ మాత్రం మినహాయింపు లేదు. తుపాకి ఎంత గొప్పదో వర్ణించే పద్యాలు వద్దు, అవి గత నెలలోనే సరిపడా వచ్చాయి.

వెన్ను చూపడం పిరికితనమని అందరం అనుకుంటాం కదా. ఆ మాటను ఆటలోని లెక్కతో నిలబెట్టండి. లేదా పడగొట్టండి.

మొదటి పూరణ (కలంపేరు: ఎకో రౌండు)

ఒకడె మిగిలెను, ముగ్గురి నోర్చు టెట్లు?
గన్ను విలువైన దద్దాని గాచుకొనగ
పొగల చాటున సైటును పోవనిచ్చి
వెన్ను చూపినవాడెపో విజయశాలి!

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. రెండో పాదంలో గ–గా, మూడో పాదంలో పొ–పో యతులు శుభ్రంగా పడ్డాయి. “పోవనిచ్చి” అన్న మాటతోనే ఇతను కౌంటర్ టెర్రరిస్టు వైపు ఆడుతున్నాడని తెలిసిపోతోంది. అది యాదృచ్ఛికమో కాదో గానీ మేలే చేసింది. ఎందుకంటే టెర్రరిస్టు వైపువాడు బాంబు పెట్టకుండా, సమయం అయిపోయేదాకా దాక్కుని బతికితే ఆ రౌండుకు అతనికి ఓటమి డబ్బు కూడా రాదు. తుపాకి మిగులుతుంది కానీ జేబు ఖాళీ. రక్షించే వైపు ఆ శిక్ష లేదు. సైటు వదిలేసి, బాంబు పేలే 40 సెకన్లు ఎక్కడో ఒక మూలన గడిపేస్తే తుపాకీ దక్కుతుంది, ఓడిన జట్టుకు వచ్చే డబ్బూ దక్కుతుంది.

నా అభ్యంతరం ఒక్కటే. ఇతను ఈ రౌండు ఓడిపోయాడు. మరి “విజయశాలి” ఎలా అయ్యాడు? పద్యంలో దానికి జవాబు లేదు. ఏడబ్ల్యూపీ ధర 4750 డాలర్లు. ఏకే-47 2700కే వస్తుంది. వరుసగా ఓడుతున్న జట్టుకు రౌండుకు మనిషికి అందేది 1400 నుంచి మొదలై 3400 దగ్గర ఆగుతుంది. అంటే పై అంచున ఉన్నా ఒక్క రౌండు డబ్బుతో ఏడబ్ల్యూపీ కొనలేడు, దాని మీద కవచం, గ్రెనేడ్లు అదనం. పైగా రైఫిల్‌తో ఒకణ్ణి పడేస్తే 300 వస్తుంటే దీనితో వచ్చేది 100. ఖర్చు చేయించడంలో ముందు, సంపాదించడంలో వెనక. అలాంటి ఆయుధాన్ని కాపాడుకోవడం వచ్చే రౌండును ముందే సగం కొనిపెట్టుకున్నట్టు. ఆ “వచ్చే రౌండు” పద్యంలోకి రావాలి. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

మరల వచ్చెడి రౌండుకు మదుపు జేసి

ఎకో రౌండు: మదుపు బాగుంది, తీసుకుంటాను. కాని పొగ పోయిందే అని బాధ. ఆ చాటున జారుకోవడమే నాకు కళ్లకు కట్టింది.

మూలవిరాట్టు: పొగ పోతే పోనీండి. ఒకడికి ముగ్గురు మిగిలినప్పుడు ఆ ముగ్గురూ ఇతని తుపాకిని కూడా వేటాడతారు, దాన్ని లాక్కుంటే వాళ్లకు లాభం కాబట్టి. ‘కాచుకొనగ’ అన్న మాట బరువు అక్కడ ఉంది.

రెండో పూరణ (మూలవిరాట్టు)

ఒక్క తూటాకు నొక్కని నొరగజేసి
బోల్టు లాగెడి లోపునే పోయి దాగి
కొత్త కోణాన నింకొక్క గురిని పట్ట
వెన్ను చూపినవాడెపో విజయశాలి!

నిర్వాహకుడు: నాకు ఈ వారం అన్నిటికన్నా నచ్చింది ఇదే, దాచుకోవడమెందుకు. తూటాకూ తూటాకూ మధ్య బోల్టు లాగడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. రైఫిల్ పట్టినవాడికి అంత సేపు అంటే ఒక జీవితం. కాల్చి అక్కడే నిలబడితే రెండోవాడు వచ్చి, పడిపోయిన తోడుకు బదులు తీర్చుకుంటాడు. దాన్నే ‘ట్రేడ్’ అంటారు. ఒకణ్ణి చంపి తాను చచ్చిన స్నైపర్ జట్టుకు 4750 నష్టపెట్టి, అవతలివాళ్లకు అంతకంటే చవక నష్టం మిగిల్చాడు. బోల్టు పడే లోపే గోడ వెనక్కి జరగడం ఈ ఆయుధం మొదటి పాఠం, మీరు దాన్ని రెండో పాదంలో అలవోకగా పెట్టారు. బో–పో యతి కూడా ముచ్చటగా ఉంది.

మూడో పాదం గురించి కొంచెం పొడిగించి చెప్పాలి. కొత్త కోణం అన్నారు. ఎందుకు కొత్తది? పాతచోటే సౌకర్యం కదా అని అనిపించవచ్చు. కాని కనబడ్డ చోటును అయిదుగురూ గుర్తుపెట్టుకుంటారు, ఒకరు చూస్తే మాట మీద అందరికీ తెలిసిపోతుంది. ఆ పైన, నిలబడి కాచుకున్నవాడికంటే మూల తిరిగి వచ్చేవాడికే ఒక చిన్న లాభం ఉంటుంది. అతని కదలిక సర్వర్ దాటి మన తెరకు చేరేలోపు అతను మనల్ని చూసేసి ఉంటాడు. మనం ఎక్కడ ఉన్నామో కూడా ముందే తెలిసిందంటే ఆ లాభం రెట్టింపవుతుంది. చోటు మారితే అతని గురి ఖాళీ గోడను చూస్తూ వస్తుంది. ఆ క్షణం చాలు.

పొగతెర: మారడానికి వీలు ఉండాలి కదా. స్కోపు, అంటే దూరాన్ని దగ్గర చేసే గురి అద్దం, తెరిచి ఉంటే ఆట లెక్కలో నడక వేగం 100, మూస్తే 200, కత్తి చేతిలోకి తీస్తే 250. అందుకే కాల్చగానే కత్తి తీసి పరిగెత్తేవాళ్లు కనబడతారు. పద్యంలో కత్తి ఉంటే ఇంకా బాగుండేది.

మూలవిరాట్టు: నాలుగు పాదాల్లో కత్తి, బోల్టు, గోడ, కోణం అన్నీ ఇరికిస్తే పద్యం సామాన్ల జాబితా అవుతుందండీ.

నిర్వాహకుడు: మూలవిరాట్టు మాటే నా మాట. తూటాల లెక్క మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 2022 నవంబరులో ఏడబ్ల్యూపీ మ్యాగజైన్‌ను పది తూటాల నుంచి అయిదుకు తగ్గించారు. అంతకుముందు అనుమానంతో పొగలోకి రెండు వదిలినా దిగులు లేదు. ఇప్పుడు “ఒక్క తూటాకు నొక్కని” అన్నది అలంకారం కాదు, పొదుపు.

మూడో పూరణ (పొగతెర)

తానె యెర కాగ తలుపుల దరిని నిలిచి
గురులు తనవైపు మరలగా కొంతసేపు
శబ్ద మొక్కటి వినిపించి జట్టు కరుల
వెన్ను చూపినవాడెపో విజయశాలి!

నిర్వాహకుడు: ఇది గడుసు పూరణ. వెన్ను తనది కాదు, శత్రువులది. స్నైపర్ తుపాకి మోత మ్యాపంతా, అంటే ఆటస్థలమంతా, వినబడుతుంది. ఆ మోతకు అందరూ ఇటు తిరిగితే, అటునుంచి వస్తున్న తోటి ఆటగాళ్లకు వాళ్ల వీపులు దొరుకుతాయి. “జట్టుకు అరుల వెన్ను చూపినవాడు” అని పాదం దాటి అన్వయం కుదిర్చారు, శబ్ద–జట్టు యతి కూడా చెల్లుతుంది. స్నైపర్ చంపినవాళ్ల లెక్క స్కోరు పట్టికలో కనబడుతుంది గానీ, ఇలా మెడలు తిప్పించిన లెక్క ఎక్కడా ఉండదు. దాన్ని పద్యానికి ఎక్కించినందుకు అభినందనలు.

ఇక తప్పు. తలుపులు అనగానే డస్ట్ 2 అనే మ్యాపు నడుమ ఉన్న మిడ్ తలుపులే అనుకున్నాను. వాటి “దరిని” నిలిస్తే ఎర అవడం నిజమే, కాని కొరికేదాకా బతకడు. మూలకు దగ్గరగా ఉన్నవాడి భుజం ముందు బయటపడుతుంది, దూరంగా ఉన్నవాడు దాన్ని ముందు చూస్తాడు. ఇద్దరూ ఒకే మూలను చూస్తుంటే, దానికి ఎక్కువ దూరాన ఉన్నవాడిదే పైచేయి. పైగా దూరం నుంచి చూస్తే అడ్డంగా దాటేవాడు తెర మీద మెల్లగా కదిలినట్టుంటాడు, గురి కుదురుతుంది. 2021కి ముందు టెర్రరిస్టు వైపువాళ్లు రౌండు మొదట్లో తమ మొదటి చోటునుంచే ఆ తలుపుల సందులోకి గురిపెట్టేవాళ్లు, అది ఇందుకే. “దరిని” తీసి “దవ్వు” పెట్టండి: “తలుపుల దవ్వు నిలిచి”. యతి చెడదు, గణం చెడదు, మనిషి బతుకుతాడు.

పొగతెర: అయ్యా, ఒక్క మాటతో నన్ను దగ్గరినుంచి దూరానికి పంపేశారు. ఒప్పుకున్నాను. కాని మోత ముందు, మెడలు తిరగడం తర్వాత జరగాలి కదా, నా పద్యంలో తారుమారైంది. మీరు దాన్ని వదిలేశారేం?

నిర్వాహకుడు: “అరుల” మూడో పాదం చివర ఉండి తీరాలి కాబట్టి వదిలేశాను. మొదట కనబడి గురులు తిప్పుకున్నాడు, తర్వాత మోతతో వాటిని అక్కడే కట్టేశాడు అని చదువుకుంటే సరిపోతుంది.

నాలుగో పూరణ (కొత్తగొంతు, మొదటి ప్రయత్నమని రాశారు)

మంట లంటెను మూలకు, మసక పొగలు,
కనులు చెదిరెడి మెరుపులు గప్పివేయ
మొండి పట్టున నిలువక చోటు విడిచి
వెన్ను చూపినవాడెపో విజయశాలి!

నిర్వాహకుడు: మొదటి ప్రయత్నానికి గణాలు ఇంత చక్కగా రావడం సంతోషం. మూడో పాదంలో యతి తప్పింది. మొ–చో కుదరవు, ప్రాసయతి అనుకుందామన్నా డి–టు పొసగవు. “చోటు” బదులు “మూల” అంటే మొ–మూ సరిపోతుంది. అయితే “మూల” మొదటి పాదంలోనే ఉంది, అందుకే మీరు తప్పించుకున్నారేమో.

భావం నిజమైనదే. మోలొటోవ్, అంటే నిప్పు సీసా, 7 సెకన్లు మండుతుంది, దాని మీద పొగ గ్రెనేడ్ వేస్తే ఆరుతుంది. కాని చేతిలో పొగ లేని స్నైపర్ మూలన కూర్చుని కాలడం కంటే లేచి పోవడం మేలు. అవతలివాళ్లు ఒక మూలమీద అన్ని గ్రెనేడ్లు ఖర్చుపెట్టారంటే స్నైపర్ ఒక్క తూటా పేల్చకుండానే పని జరిపించినట్టు. ఆ గ్రెనేడ్లు ఇక సైటు మీద పడవు.

మీ పద్యంలో పక్కనే నిధి ఉండగా దాటిపోయారు. ఫ్లాష్ గ్రెనేడ్ పేలేటప్పుడు దానికి ముఖం తిప్పేస్తే కళ్లు బైర్లు కమ్మేది బాగా తగ్గుతుంది. అంటే వెన్ను చూపడం ఇక్కడ అక్షరాలా నిజం! దాన్ని సమస్యకు ఆనించి తిరిగి రాయండి.

కొత్తగొంతు (సవరించినది):

మంట లంటెను మూలకు, మసక పొగలు
కమ్ముకొన్నవి, కనరాదు కాలిదారి;
మెరుపు బాంబది పైబడ మేను తిప్పి
వెన్ను చూపినవాడెపో విజయశాలి!

నిర్వాహకుడు: ఇప్పుడు నాలుగో పాదం మీ పద్యంలోంచే పుట్టినట్టుంది. “బాంబది”లో ‘అది’ పూరకమే, అయినా మొదటి నెలలో అంత పట్టింపు లేదు.

అయిదో పూరణ (ఓవర్‌టైము)

ఎగిరి నలుగురి గూల్చిన యెదురులేని
తెగువ గుర్తుగ గోడపై దీర్చినారు;
అట్టి యాటలో నెట్లయ్య యనగవచ్చు
“వెన్ను చూపినవాడెపో విజయశాలి”?

ఓవర్‌టైము: నాకు సమస్య మీదే కోపం వచ్చింది. 2016లో కొలంబస్ మేజర్ (ఈ ఆటలో పెద్ద పోటీ) సెమీఫైనల్లో మిరాజ్ మ్యాపు బి సైటు దగ్గర లుమినోసిటీ ఆటగాడు కోల్డ్‌జెరా ఎగిరి కాల్చి ఆ రౌండులో నలుగురిని పడేశాడు. అవతలి జట్టు లిక్విడ్ మ్యాచ్ పాయింట్ మీద ఉంది, లుమినోసిటీ అక్కడినుంచి లేచి గెలిచింది. ఆ గోడ మీద రెక్కల ఏడబ్ల్యూపీ బొమ్మ వేశారు. అదే ఏడాది కొలోన్‌లో క్యాష్ మ్యాపు మీద సింపుల్ అనే ఆటగాడు పైనుంచి దూకుతూ, స్కోపు తెరవకుండా ఇద్దరిని కూల్చాడు. అక్కడా బొమ్మ వేశారు. వెన్ను చూపినవాడికి బొమ్మ ఎక్కడుందో చూపించండి.

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత మర్యాదే, చెల్లుతుంది. ఎ–యె, తె–దీ, అ–య యతులు మూడూ బాగున్నాయి. కాని వాదానికి తలవంచను. గోడమీద బొమ్మ వేయాల్సి వచ్చిందంటేనే అది రోజూ జరిగేది కాదని. గాలిలో ఉన్నవాడి గురి చెదరడం ఆ ఆట నియమం. దగ్గరికి వచ్చేసిన గుంపు ముందు స్నైపర్‌కు వెనక్కి దారి లేనప్పుడు ఎగరడం ఒక్కటే మిగిలింది, ఎగిరాడు, కుదిరింది.

బొమ్మ లేని స్నైపర్ల పేర్లు కూడా వినండి. డివైస్ తన జట్టు ఆస్ట్రాలిస్‌తో 2017లో అట్లాంటా, 2018లో లండన్, 2019లో కటోవిట్సా, బెర్లిన్, మొత్తం నాలుగు మేజర్లు గెలిచాడు. షిరోకు తక్కువగా చనిపోయే ఆటగాడని పేరు. 2024 షాంఘై మేజర్ గెలిచిన స్పిరిట్ జట్టులో ఏడబ్ల్యూపీ అతని చేతిలోనే ఉంది. వీళ్లు బతికి ఉన్నంతసేపూ అవతలి అయిదుగురూ ఒక్కో మూలను రెండుసార్లు చూసుకుంటూ నడవాలి.

ఓవర్‌టైము: పద్యం మార్చను. అయినా రెండో పూరణకు నా ఓటు వేస్తున్నాను.

ఎకో రౌండు: నాదీ అదే. నా పొగ మాత్రం తిరిగి పెట్టుకుంటాను, మదుపు పద్యం వేరేగా రాస్తాను.

నిర్వాహకుడు: అయితే ఈ వారం మూలవిరాట్టుదే. వచ్చేవారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పొగలోంచీ గోడలోంచీ కాల్చేవాళ్ల గురించి రాయండి:

“చూపు లేనివాడు చూచి కాల్చె”