పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) రెండో డోసు తప్పింది, మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

పాప వాళ్లమ్మ:
మా పాపకు ఐదు నెలలు నిండాయి. పుట్టినరోజే బీసీజీ, హెపటైటిస్ బి, పోలియో చుక్కలు వేశారు. ఒకటిన్నర నెల సూదులూ అయ్యాయి. రెండున్నర నెలలప్పుడు జలుబు చేసి ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని నేనే తీసుకెళ్లలేదు. తర్వాత పుట్టింటి నుంచి అత్తగారింటికి వచ్చేశాం. ఇప్పుడేమో మా తోడికోడలు, మధ్యలో తప్పితే వేసినవి పనిచెయ్యవు, మళ్లీ మొదలెట్టాలి అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వేరే ఊరి కార్డు పట్టుకెళ్తే ఇక్కడ వేస్తారా? తిడతారేమోనని భయంగా కూడా ఉంది.

ఏఎన్‌ఎం అక్క:
అమ్మా, మొదటి నుంచి అక్కర్లేదు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే వేస్తాం. పెంటా రెండోది ఇప్పుడు, మూడోది కనీసం నాలుగు వారాలు ఆగి. మిగతావి మీ కార్డు చూసి అక్కడి సిస్టర్ చెబుతారు. ఇది దేశమంతా ఉన్న కార్యక్రమం, ఏ ఊళ్లోనైనా ఉచితమే. టీకాల రోజు ఎప్పుడో ఆశా కార్యకర్తను అడగండి, చాలా ఊళ్లలో బుధ, శనివారాలు ఉంటాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మామూలు జలుబుకీ, కొద్దిపాటి జ్వరానికీ టీకా ఆపక్కర్లేదు. నా సర్వీసులో ఎక్కువ డోసులు తప్పింది ఈ జలుబు వల్లే. పాపకు కోరింత దగ్గు, కంఠసర్పి రాకుండా కాపాడేది ఆ సూదే. తిడితే నాలాంటి వాళ్లదే తప్పు, మీరు మాత్రం వెళ్లండి.

పెద్దాయన:
నేను 1971లో పుట్టాను. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ ఎనిమిదో రోజుకల్లా పాలు పట్టలేక, ఒళ్లు విల్లులా బిగుసుకుపోయి చనిపోయారట. ధనుర్వాతం అని మా అమ్మకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. పిల్లలకీ గర్భిణులకీ కలిపి ఈ సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో వచ్చింది. అందుకే అడుగుతున్నాను సిస్టర్, మా కోడలికి ఇది రెండో కాన్పు. పెద్దబాబుకు రెండేళ్లు. అప్పుడు రెండు టీడీ సూదులు (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేవి) వేశారు, ఈసారి ఒక్కటే వేశారు. సరిపోతుందా?

ఏఎన్‌ఎం అక్క:
సరిపోతుంది బాబాయ్. రెండు డోసులూ పడి మూడేళ్లలోపే మళ్లీ గర్భం వస్తే ఒక్క బూస్టర్ చాలు. అదీ వీలైనంత తొందరగా పడాలి. తల్లికి వేసిన సూది కడుపులో బిడ్డకూ రక్షణ ఇస్తుంది. 2015లో మన దేశం తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఆ రోజు మా సెంటర్లో ఏడ్చేశాను.

పాప వాళ్లమ్మ:
నిన్న వేయించాం అక్కా. ఎవరూ తిట్టలేదు. సూది వేశాక అరగంట కూర్చోబెట్టి పంపించారు. రాత్రి ఒళ్లు వేడెక్కింది, వాళ్లిచ్చిన పారాసెటమాల్ వేస్తే పొద్దుటికి తగ్గింది. తర్వాతి తేదీ కార్డు మీద రాసిచ్చారు. ఆ కార్డును బియ్యం డబ్బా పైన, రోజూ కనబడే చోట పెట్టాను.