వైఎం2149తో సింథ్: బ్యాటరీ మీద నడిపినా పోని 50 హెర్ట్జ్ గుర్రు (ఫోరమ్ చర్చ; ప్రతి భాగం పైన రాసినవారి పేరు)

మూడుగొంతులు

ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకి వైఎం2149ఎఫ్ అనే శబ్దపు చిప్ తగిలించి మూడు స్వరాల సింథ్ (ఎలక్ట్రానిక్ వాయిద్యం) కడుతున్నాను. పాత అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌లో ఉన్న చిప్పే. డేటా లైన్లు డీఏ0 నుంచి డీఏ7 దాకా ఊనో 2–9 పిన్నులకు, చిప్‌కి ఆజ్ఞలిచ్చే పిన్నుల్లో బీసీ1 ఏ0కి, బీడీఐఆర్ ఏ1కి, బీసీ2 నేరుగా 5 వోల్టులకు. క్లాక్ 2 మెగాహెర్ట్జ్, ఊనో లోపలి టైమర్2 నుంచి దాని 11వ పిన్ మీద వస్తోంది. చిప్ 26వ పిన్ ఖాళీగా వదలడం ఎందుకని గ్రౌండ్ చేశాను. నోటు మెల్లగా తగ్గేందుకు మూడు ఛానెళ్ల వాల్యూమ్‌నూ సెకనుకు 50 సార్లు తిరగరాస్తున్నాను.

చిక్కులు మూడు. స్పీకర్‌లో ఎప్పుడూ సన్నగా 50 హెర్ట్జ్ గుర్రు ఉంటోంది. వాల్యూమ్ సున్నా రాసినా, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టినా, చివరికి బ్యాటరీ మీద నడిపినా పోలేదు. రెండోది, 440 హెర్ట్జ్ కోసం లెక్క కట్టి 0వ రిజిస్టర్‌లో (చిప్ లోపల సంఖ్య దాచుకునే గడి) 28, 1వ దాంట్లో 1 రాస్తే 220 పలుకుతోంది. మూడోది, నోటు ఆపడానికి మిక్సర్ అయిన 7వ రిజిస్టర్‌లో ఆ ఛానెల్ టోన్ తీసేస్తే టప్‌మంటోంది.

రాసే వరుస ఇదీ: అడ్రస్ (రిజిస్టర్ నంబరు) లైన్ల మీద పెట్టి, డిజిటల్‌రైట్‌తో (ఒక్కో పిన్ను మార్చే ఆర్డుయినో ఫంక్షన్) బీసీ1 ఎత్తి, బీడీఐఆర్ ఎత్తి, మళ్లీ బీసీ1 దించి, బీడీఐఆర్ దించుతాను. తర్వాత డేటా పెట్టి బీడీఐఆర్ ఒక్కటే ఎత్తి దించుతాను. తప్పెక్కడ?

బస్‌కాపలా

గుర్రు సరఫరాది కాదు, మీ కోడ్‌ది. రుజువు కావాలంటే వాల్యూమ్ తిరగరాయడం 50 నుంచి 100 చేయండి. గుర్రు ఒక ఆక్టేవ్ పైకి వెళ్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బీసీ1, బీడీఐఆర్ రెండూ కలిసి చెప్పే మాటలు నాలుగు. రెండూ కింద ఉంటే చిప్ ఊరుకుంటుంది. రెండూ పైన ఉంటే అడ్రస్ పట్టుకుంటుంది. బీడీఐఆర్ ఒక్కటే పైన ఉంటే డేటా రాసుకుంటుంది. బీసీ1 ఒక్కటే పైన ఉంటే తన రిజిస్టర్‌లో ఉన్నది లైన్ల మీదికి వదులుతుంది. ఇప్పుడు మీ వరుస చూడండి. అడ్రస్ పట్టించాక బీసీ1ని ముందు దించారు. ఆ క్షణంలో బీడీఐఆర్ ఒక్కటే పైన ఉంది, అంటే "రాయి" అని. లైన్ల మీద ఇంకా అడ్రసే ఉంది కాబట్టి 8వ రిజిస్టర్‌లోకి 8 వెళ్లిపోతుంది. ఛానెల్ ఏ వాల్యూమ్ సగం దాకా లేచిందన్నమాట. డిజిటల్‌రైట్ ఒక్కోటి సుమారు 4 మైక్రోసెకన్లు తింటుంది. ఎనిమిది డేటా పిన్నులూ పెట్టి అసలు విలువ రాసేసరికి 40 దాకా గడుస్తాయి. అంతసేపు చిన్న టిక్. అలాంటివి సెకనుకు 50 వస్తే చెవికి కరెంటు హమ్ లాగే ఉంటుంది.

7వ రిజిస్టర్‌లోకి 7 వెళ్తే ఇంకా ఘోరం: మూడు టోన్లూ ఆగి, మూడు ఛానెళ్లలోనూ నాయిస్ తెరుచుకుంటుంది.

ఎత్తేటప్పుడు బీసీ1 ముందు లేపడమూ తప్పే. చిప్, ఊనో రెండూ ఒకేసారి అవే లైన్లను తోస్తాయి. పోనీ బీడీఐఆర్ ముందు లేపితే కొత్త అడ్రస్ పాత రిజిస్టర్‌లో పడుతుంది. కాబట్టి వరుస మార్చి లాభం లేదు, రెండూ ఒకే అడుగులో కదలాలి. అదృష్టవశాత్తూ మీ ఏ0, ఏ1 రెండూ పోర్ట్‌సీలోనే (ఒకేసారి మార్చగల ఊనో పిన్నుల గుంపు) ఉన్నాయి. పోర్ట్‌సీకి 3తో ఆర్ (బిట్లు కలిపే లెక్క) చేస్తే రెండూ కలిసి లేస్తాయి, దించేటప్పుడూ అలాగే. డేటా కూడా పోర్ట్‌తోనే రాయండి: విలువను రెండు బిట్లు ఎడమకు జరిపి పోర్ట్‌డీలోకి, ఆరు బిట్లు కుడికి జరిపి పోర్ట్‌బీలోకి. రెండు పోర్టుల్లోనూ మీవి కాని బిట్లను ముట్టుకోకండి. పోర్ట్‌డీ కింది రెండు బిట్లు సీరియల్‌వి.

ఒక జాగ్రత్త. పోర్ట్ రాత డిజిటల్‌రైట్ కన్నా ఎంతో వేగం, ఒక్కో సూచనకు 62.5 నానోసెకన్లే. చిప్‌కు కొన్ని వందల నానోసెకన్లు కావాలి. ఎత్తాక ఒక మైక్రోసెకను ఆగి దించండి.

స్థిరమట్టం

ఆక్టేవ్ తగ్గడానికి కారణం మీ 26వ పిన్. వైఎం2149లో అది సెల్, క్లాక్ ఎంచుకునే పిన్. గ్రౌండ్ చేస్తే క్లాక్ సగం అవుతుంది. లోపల పుల్‌అప్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగి ఉంచే నిరోధకం) ఉంది, ఊరికే వదిలేయండి. ఇదే కుటుంబపు చిప్ ఏవై-3-8910లో అదే పిన్ టెస్ట్2, దాన్నీ వదిలేయాల్సిందే. మీ లెక్క సరైనదే: 2000000ని 16తో, మళ్లీ 440తో భాగిస్తే 284, అంటే 256కి 28 కలిపినట్టు.

టప్ సంగతి. ఒక ఛానెల్‌కి టోన్, నాయిస్ రెండూ ఆపితే నిశ్శబ్దం రాదు. ఆ ఛానెల్ తన వాల్యూమ్ మట్టం దగ్గర నిలువు డీసీగా ఆగిపోతుంది. వినిపించేది ఆ మెట్టు. నోటు ఆపాలంటే వాల్యూమ్ సున్నాకి దించండి, మిక్సర్‌లో 56 రాసి అలాగే ఉంచేయండి.

అవుట్‌పుట్ ఎలా కట్టారో రాయలేదు. చిప్ 4, 3, 38 పిన్నులు ఏ, బీ, సీ ఛానెళ్లు. ఒక్కోదాన్నుంచి గ్రౌండ్‌కి 1 కిలో ఓమ్ ఉండాలి, అది లేకపోతే శబ్దం వంకరగా వస్తుంది. ఆ మూడు చోట్ల నుంచి 10 కిలో ఓమ్‌లు తెచ్చి ఒకచోట కలిపి, 10 మైక్రోఫారడ్ గుండా బయటికి. కెపాసిటర్ ప్లస్ కాలు చిప్ వైపు. దాని తర్వాత గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్ పెడితే జాక్ గుచ్చినప్పుడు దెబ్బ రాదు. 40వ పిన్‌కి, 1వ పిన్‌కి మధ్య 100 నానోఫారడ్, వీలైనంత దగ్గరగా.

మూడుగొంతులు

100కి మారిస్తే గుర్రు సరిగ్గా ఆక్టేవ్ లేచింది. పోర్ట్ రాతకి మార్చాక పూర్తిగా పోయింది. 26వ పిన్ వదిలేశాక 440 సరిపోయింది. ఇక బేస్ కోసం ఎన్వలప్‌ని (వాల్యూమ్‌ని చిప్ తానే పెంచి దించే ఆకారం) స్వరంగా వాడాలని ఉంది. మిడి (వాయిద్యాలు నోట్లు పంపుకునే పద్ధతి) కూడా కలపాలి.

పదమూడో రిజిస్టర్

బేస్‌కి 13వ రిజిస్టర్‌లో 8 గానీ 12 గానీ రాయండి, రెండూ ఆగకుండా తిరిగే రంపపు పళ్ల ఆకారాలు. ఆ ఛానెల్ వాల్యూమ్‌లో 16 రాస్తే ఎన్వలప్ చేతికి వెళ్తుంది. పౌనఃపున్యం క్లాక్‌ని 256తో, పీరియడ్‌తో భాగించినంత. 110 హెర్ట్జ్‌కి 71 వస్తుంది, శ్రుతి బాగుంటుంది. 440కి మాత్రం 17.76 వస్తుంది. 18 రాస్తే 434, అంటే దాదాపు పావు సెమిటోన్ తక్కువ. అందుకే ఇది కింది స్వరాలకే పనికొస్తుంది. 10, 14 త్రికోణాలు, వాటి పౌనఃపున్యం ఇందులో సగం.

13లో ఏం రాసినా ఎన్వలప్ మొదటి నుంచి మొదలవుతుంది, అదే విలువ రాసినా సరే. కాబట్టి దాన్ని 50 సార్ల తిరగరాతలో కలపకండి, కొత్త నోటు పడ్డప్పుడే రాయండి. వైబ్రాటోకి 11, 12 మారిస్తే చాలు.

మిడికి 6ఎన్138 ఆప్టోకప్లర్ (వెలుగుతో సంకేతం దాటించే భాగం) చాలు. సాకెట్ 4వ కాలు 220 ఓమ్ గుండా 6ఎన్138 2వ పిన్‌కి, 5వ కాలు 3వ పిన్‌కి, ఆ రెంటి మీద 1ఎన్4148 డయోడ్ తిరగేసి. 6వ పిన్ ఊనో 0వ పిన్‌కి, అక్కడి నుంచి 5 వోల్టులకు 470 ఓమ్. వేగం 31250. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు 0వ పిన్ తీగ ఊడదీయండి, లేకపోతే అప్‌లోడ్ ఆగిపోతుంది.

టైమర్ ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి జరిగే కోడ్) చిప్‌కి నేరుగా రాయొద్దు. మిడి నోటు అడ్రస్ పట్టించి డేటా పెట్టే లోపల ఇంటరప్ట్ వస్తే అడ్రస్ మారిపోయి డేటా వేరే రిజిస్టర్‌లో పడుతుంది. ఇంటరప్ట్‌లో జెండా (గుర్తుగా ఉంచే వేరియబుల్) మాత్రం ఎత్తండి, రాత అంతా లూప్‌లోనే జరగాలి. ఆర్డుయినో టోన్ ఫంక్షన్ కూడా పిలవకండి. అది టైమర్2ని లాక్కుంటుంది, చిప్‌కి క్లాక్ పోతుంది.