అప్‌డేట్: బీటెక్‌లో చేరిన చెల్లికి 35 వేల లోపు తేలికైన ల్యాప్‌టాప్ – కొన్నాం

రోజూ బస్సులో మోసుకెళ్లాలి, బరువు కిలోన్నర దాటకూడదు, సీ, పైతాన్ ప్రోగ్రాములు రాసుకోవాలి అని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

రీఫర్బిష్డ్ (కంపెనీలు వాడి వదిలేసాక బాగుచేసి అమ్మే) బిజినెస్ ల్యాప్‌టాప్ చూడమన్న మాటే పనిచేసింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో థింక్‌ప్యాడ్ టీ480ఎస్ తీసుకున్నాం. 2018 మోడల్, 14 అంగుళాల తెర, బరువు సుమారు 1.3 కిలోలు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కి ఇబ్బంది లేదు. ఇందులో ర్యామ్ కొంత బోర్డుకే అతికించి ఉంటుంది, ఒక స్లాట్ మాత్రం ఖాళీ. అందులో 8 జీబీ వేయిస్తే మొత్తం 16 అయింది. కీబోర్డు ఎంత బాగుందో చెప్పలేను!

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు బ్యాటరీ తప్పకుండా చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో 'powercfg /batteryreport' కొడితే ఒక రిపోర్టు ఫైలు తయారవుతుంది, దాన్ని తెరిస్తే బ్యాటరీ అసలు సామర్థ్యం, ఇప్పుడు మిగిలిన సామర్థ్యం రెండూ కనిపిస్తాయి. మొదట చూపించిన పీసులో సగమే మిగిలింది, వేరేది అడిగితే ఇచ్చారు. బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందే తెరిచే సెట్టింగుల్లోకి) కూడా వెళ్లి చూడండి. పాత కంపెనీవాళ్ల పాస్‌వర్డ్ ఉంటే ఆ పీసు వద్దు, దాన్ని తీయించడం చాలా కష్టం.

గ్రాఫిక్స్ కార్డు, ఐ7, టచ్ స్క్రీన్ గురించి నేను పడిన మథనం ఈ చదువుకి అక్కర్లేదు. అదే ధరలో దొరికే 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం స్టోరేజీ) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లు మాత్రం వద్దు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతాయి.