కిడ్నీలో 25 మి.మీ. రాయి: షాక్ వేవ్‌తో పోతుందా, వీపులో రంధ్రం తప్పదా?

కావలి_కుర్రోడు: మా మామయ్యకు ఎడమ కిడ్నీలో 25 మి.మీ. రాయి ఉంది. ఒంగోలు డాక్టరేమో వీపులో చిన్న రంధ్రం పెట్టి తీయాలంటున్నారు. నెల్లూరులో ఇంకొకాయన కోత లేకుండా షాక్ వేవ్‌తో, అంటే బయటినుంచి మిషన్ పంపే తరంగాలతో పగలగొడతాం, రెండు మూడు సిట్టింగులు పట్టొచ్చు అన్నారు. కోత మాటెత్తితేనే మామయ్యకు టెన్షన్. ఏది మేలంటారు?

పెన్నా_గట్టు: షాక్ వేవే. చాలామంది అదే రోజు ఇంటికొచ్చేస్తారు. మా ఆవిడకు 9 మి.మీ. రాయి ఒక్క సిట్టింగులో పోయింది. 1980లో జర్మనీలో మనుషుల మీద మొదలైన వైద్యం, నిన్నమొన్నటిది కాదు.

చీమకుర్తి_మాస్టారు: 9 ఎక్కడ, 25 ఎక్కడ అన్నా! రాయిని పగలగొట్టడంతో మిషన్ పని అయిపోతుంది. ఆ ముక్కలన్నీ దిగాల్సింది మూత్రనాళంలోంచే. దాని లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పెద్ద రాయి ముక్కలు అందులో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటే మూత్రం ఆగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం, మళ్ళీ థియేటర్‌కే. ముందే స్టెంట్, అంటే మూత్రం ఆగకుండా ఆ నాళంలో పెట్టే సన్న గొట్టం, వేసినా ముక్కలన్నీ దిగుతాయని హామీ లేదు. అందుకే 20 మి.మీ. దాటిన రాయికి యూరాలజీ మార్గదర్శకాలు ముందు పీసీఎన్‌ఎల్ చెబుతాయి, అంటే ఆ వీపు రంధ్రమే. ఇంకోటి, సీటీలో హెచ్‌యూ అని ఒక అంకె రాస్తారు. అది 1000 దాటితే మా ఊరి గ్రానైటులాంటి రాయన్నమాట, షాక్‌కు సరిగా పగలదు.

పెన్నా_గట్టు: రంధ్రానికి మాత్రం రిస్కు లేదా మాస్టారూ? కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఆసుపత్రిలో కొన్ని రోజులు పడుకోవాలి. పనికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో అది చిన్న సంగతా?

చీమకుర్తి_మాస్టారు: రిస్కు లేదని నేననలేదు. మూడు సిట్టింగులు తిరిగి, చివరికి ఆ రంధ్రమే పెట్టించుకుంటే కూలి ఇంకా ఎక్కువ పోదా? కుర్రోడా, మామయ్య రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఇద్దరు డాక్టర్లకూ చెప్పు. షాక్ వేవ్‌కైనా అది అడ్డే.

ఉదయగిరి_అక్క: ముందు కొండపిండి ఆకు కషాయం తాగించి చూడండి.

చీమకుర్తి_మాస్టారు: 25 మి.మీ. రాయి కషాయానికి దిగదక్కా. మందులతో కరిగేది యూరిక్ యాసిడ్ రాయి, అదీ డాక్టరిచ్చే మాత్రలతో.

కావలి_కుర్రోడు: సీటీ రిపోర్టు చూశాను. హెచ్‌యూ 1240. రాయి కిడ్నీ కింది భాగంలో ఉందట.

పెన్నా_గట్టు: కింది భాగమా? ఆ మాట ముందే చెప్పొద్దా అబ్బాయ్! అక్కడినుంచి ముక్కలు పైకెక్కి రావాలి. నెల్లూరాయన ఈ రిపోర్టు చూసే చెప్పారా? స్టెంట్ వేస్తారా, ఎన్ని సిట్టింగులకు పోకపోతే ఆపేస్తారు అని అడుగు. సరిగా చెప్పకపోతే ఒంగోలు బండెక్కండి.