అతిమధురం వేరు: ఈ నురగ, ఈ తీపి, ఈ బీపీ… దేనివల్ల?

వేరుముక్క: దగ్గు వస్తే అతిమధురం కషాయం కాస్తుంటాను. మరగగానే సబ్బునీళ్లలా నురగ పొంగుతోంది. కల్తీ వేరేమోనని టెన్షన్‌గా ఉంది. మీకూ ఇలాగే వస్తుందా?

పచ్చనాకు: నాకూ వస్తుందండీ. అది గ్లైసిరైజిన్ అనే సపోనిన్, నురగ కట్టడం దాని గుణం. తీపీ దానిదే, పంచదారకు 50 రెట్ల దాకా ఉంటుంది. నాలుక మీద పెట్టగానే తెలియదు, కాసేపాగి మొదలై చాలాసేపు వదలదు. వేరును విరిచి చూడండి, లోపల పీచుపీచుగా పసుపు రంగు కనిపిస్తుంది. ఆ రంగు మాత్రం లిక్విరిటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లది.

నిదానం: మా నాన్నగారు గొంతుకు మంచిదని రోజూ రెండుపూటలా తాగేవారు. కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది, రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువ. ఇంకేం తీసుకుంటున్నారని డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగితే కషాయం సంగతి బయటపడింది. మానేశాక కొన్ని వారాలకు సర్దుకుంది. వేరుకీ బీపీకీ ఏం సంబంధం?

మందులషెల్ఫ్: అదీ ఆ తీపి పదార్థం పనే. పేగుల్లోని బ్యాక్టీరియా గ్లైసిరైజిన్‌ని గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తుంది. కిడ్నీల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేసే ఎంజైమ్ ఒకటుంది, ఈ ఆమ్లం దాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్ ఆల్డోస్టిరాన్ చేయాల్సిన పనిని కార్టిసాలే చేసేస్తుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. ఇక్కడ విచిత్రమేంటంటే, ఆల్డోస్టిరాన్ పరీక్ష చేస్తే తక్కువే వస్తుంది. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు, డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లు దయచేసి దీని జోలికి పోవద్దు, పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. గర్భిణులకూ వద్దు. రోజుకు 100 మి.గ్రా. గ్లైసిరైజిన్ దాటకూడదని యూరప్ ఆహార శాస్త్ర కమిటీ 2003లో చెప్పింది. 4 శాతం ఉన్న వేరైతే రెండున్నర గ్రాముల్లోనే అంత ఉంటుంది. కంటి అంచనాతో ముక్క వేసేస్తే లెక్క ఎక్కడ తేలుతుంది?

వేరుముక్క: మరి ముఖం మీది మచ్చలకు కూడా ఇదే తాగమంటున్నారే?

పచ్చనాకు: తాగితే లాభం లేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునేది గ్లాబ్రిడిన్, అది వేరే పదార్థం. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి కషాయంలోకి పెద్దగా దిగదు. అందుకే సారం తీసి క్రీముల్లో కలుపుతారు.

నిదానం: నాన్నగారికి కడుపుమంట కూడా ఉంది. అతిమధురం మాత్రలేవో ఉన్నాయంటున్నారు, వాటితోనూ ఇదే గొడవా?

మందులషెల్ఫ్: లేబుల్ మీద డీజీఎల్ అని ఉంటే గ్లైసిరైజిన్‌ని చాలావరకు తీసేసినట్టు. ఆ మాట లేకపోతే మామూలు వేరు కిందే లెక్క. ఏదైనా సరే, ఆయన బీపీ చూసే డాక్టరుగారికి సీసా చూపించాకే మొదలుపెట్టండి.